విదేశం వెళ్లిన గుర్రాన్ని కావలిలో కూర్చుని చూడటం ఎలా

2012 జూన్ 23, శనివారం రాత్రి ఎనిమిదింపావు. కావలి ట్రంక్ రోడ్డు పక్క సందులో ఒక నెట్ సెంటర్. వీధంతా కరెంటు పోయింది, లోపల ఇన్వర్టర్ మీద ఒక్క కంప్యూటర్ నడుస్తోంది. దాని ముందు నేను, నెట్ సెంటర్ కుర్రాడు, వేరుశనగ చెక్క కొనడానికి టౌనుకొచ్చి బస్సు తప్పిపోయిన మా మేనమామ. ఇంగ్లండులోని ఆస్కాట్‌లో బ్లాక్ కేవియర్ అనే ఆస్ట్రేలియా ఆడగుర్రం పరిగెడుతోంది. అప్పటికి దానివి 21 రేసులు, 21 గెలుపులు. మా తెర మీద బొమ్మ నాలుగు సెకన్లు కదిలి పది సెకన్లు ఆగుతోంది. చివర్లో పూర్తిగా ఆగిపోయింది. మళ్లీ కదిలేసరికి రేసు అయిపోయింది, గెలిచిందో ఓడిందో తెలియదు.

అరగంట తర్వాత రీప్లే దొరికింది. మా మామ రేసుగుర్రాన్ని జన్మలో చూడలేదు. రెండోసారి వేసి చూపించమన్నాడు, చూసి అన్నాడు: "ఏందిరా అల్లుడా, ఆ చుక్కల చొక్కావాడు గీత ఇంకా రాకముందే పగ్గం వదిలేశాడే!"

నిజంగా జరిగింది అదే. గులాబీ రంగు మీద నల్ల చుక్కల చొక్కా వేసుకుని దాన్ని స్వారీ చేస్తున్న జాకీ ల్యూక్ నోలెన్, పని అయిపోయిందనుకుని గీతకి ఇంకా కొద్ది దూరం ఉండగానే చేతులు దించేశాడు. వెనక నుంచి మూన్‌లైట్ క్లౌడ్ అనే గుర్రం దూసుకొచ్చింది. బ్లాక్ కేవియర్ తల తేడాతో బతికి బయటపడింది. లక్షలమంది లైవ్‌లో చూసి గుండెలు పట్టుకున్న సంగతిని మామ చల్లారిన రీప్లేలో ఒక్క చూపుతో పట్టేశాడు. ముప్పై ఏళ్లు బండలాగుడు పోటీలకి గిత్తల్ని తిప్పినవాడు మరి. ఎక్కడ చూడాలో ఆయన కంటికి తెలుసు.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. డిగ్రీ తప్పాక మూడేళ్లు చెన్నైలో గడ్డి, ఓట్స్, తవుడు సరఫరా చేసే కొట్లో పనిచేశాను. వారానికి మూడు రోజులు గిండీ రేస్ కోర్సు లాయాలకి లోడు తీసుకెళ్లేవాణ్ణి. బస్తాలు దింపి, గుర్రాల్ని చూసుకునే సైసులతో టీ తాగుతూ గుర్రాల్ని చూడటం అక్కడ అంటుకున్న జబ్బు. ఇప్పుడు కావలిలో దాణా కొట్టు పెట్టుకున్నాను, జబ్బు మాత్రం తగ్గలేదు. ఎక్కడో ఒక గొప్ప గుర్రం సొంత దేశం దాటి పోటీకి పోతోందని పేపర్లో చూసి "ఏందో చూద్దాం" అనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పందెం కాసేవాళ్లకి ఇందులో ఏమీ లేదు.

ముందు టైము రాసుకోండి. ఇది చిన్న పనే, కానీ నేను బోర్లాపడ్డది ఇక్కడే. అదే ఏడాది అక్టోబర్ 7న పారిస్‌లో ఆర్క్ అనే పేరున్న పెద్ద రేసు. జపాన్ ఛాంపియన్ ఓర్ఫెవ్ర్ పరిగెడుతోంది. పారిస్ మనకంటే నాలుగున్నర గంటలు వెనక అని ఎవరో చెబితే నమ్మి, లెక్కేసుకుని, స్నానం చేసి, కారం దోశ తెప్పించుకుని కూర్చున్నాను. రేసు అయిపోయి గంటయింది. నాలుగున్నర అనేది చలికాలం లెక్క. అక్టోబర్ చివరి ఆదివారం దాకా అక్కడ ఎండాకాలం గడియారమే నడుస్తుంది, తేడా మూడున్నరే. లండన్‌దీ ఇదే కథ: ఎండాకాలం నాలుగున్నర వెనక, చలికాలం ఐదున్నర. సిడ్నీ, మెల్‌బోర్న్ అక్టోబర్ మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా మనకంటే ఐదున్నర ముందు, మిగతా నెలల్లో నాలుగున్నర. హాంకాంగ్ రెండున్నర ముందు, జపాన్ మూడున్నర ముందు, రియాద్ రెండున్నర వెనక, దుబాయ్ ఒకటిన్నర వెనక. ఈ నాలుగూ ఏడాదంతా కదలవు. అమెరికాకైతే తేదీ కూడా మారుతుంది. 2025 నవంబర్ 1 శనివారం కాలిఫోర్నియాలో ఫరెవర్ యంగ్ అనే జపాన్ గుర్రం బ్రీడర్స్ కప్ క్లాసిక్ అనే పెద్ద రేసు గెలిచింది. మనకి అప్పుడు ఆదివారం తెల్లవారుజాము. గోడ క్యాలెండర్‌లో మన టైమే రాసుకోండి, వాళ్ల టైము రాయొద్దు. రెండూ రాస్తే ఆ రోజు ఏది ఎవరిదో తెలీక టెన్షన్.

లైవ్ కోసం రేసు నిర్వాహకుల సొంత యూట్యూబ్ ఛానల్ ముందురోజే వెతికి పెట్టుకోండి. కొన్ని మన దేశంలో తెరుచుకోవు. తెరుచుకోకపోతే రీప్లేతో సరిపెట్టుకోండి. రీప్లే చూసేవాడికి తక్కువేమీ కాదు, మా మామే సాక్ష్యం.

ఇక అసలు సంగతి. 1200 మీటర్ల రేసు అంటే డెబ్బై సెకన్ల అటూఇటూ. తుమ్మి తలెత్తేలోపు అయిపోతుంది. ఆ డెబ్బై సెకన్లలో ఏదైనా కనబడాలంటే, ఆ గుర్రం ఇంట్లో ఏం వదిలి వచ్చిందో ముందే తెలిసి ఉండాలి. ఏ వైపు తిరగడం అలవాటు, ఏ నేల అలవాటు, ఏ నీళ్లు అలవాటు. ఈ మూడూ మారిపోతే గిత్తయినా గుర్రమయినా సగమైపోతుంది.

తిరగడం సంగతి మన ఎడ్లతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. కాడికి కట్టిన జతలో ఎడమవైపుది దాపటిది, కుడివైపుది ఎలపటిది. పాలపళ్ల వయసు నుంచి దాపట నడిచిన దాన్ని ఒకరోజు ఎలపటకి మార్చి కట్టి చూడండి. బలం ఎక్కడికీ పోదు, కానీ మెడ ఎటు వంచాలో, ఏ కాలు ముందెయ్యాలో దానికి అర్థంకాదు. జతనే తోసుకుంటూ పక్కకి ఈడుస్తుంది. గుర్రానికీ అంతే. దౌడు తీసేటప్పుడు దాని ముందుకాళ్లలో ఒకటి ఎప్పుడూ దారి చూపే కాలు. ఎడమకి తిరిగేటప్పుడు ఎడమకాలు, కుడికి తిరిగేటప్పుడు కుడికాలు ముందు పడాలి. మెల్‌బోర్న్‌లో గుర్రాలు ఎడమకి తిరుగుతాయి, సిడ్నీలో కుడికి. ఒకే దేశంలో! హాంకాంగ్ షాటిన్‌లో కుడికి, టోక్యోలో ఎడమకి, దుబాయ్, రియాద్‌లలో ఎడమకి, పారిస్ లాంగ్‌షాంప్‌లో కుడికి. ఆస్కాట్‌లో 1200 మీటర్ల రేసుకైతే మలుపే లేదు. తిన్నని దారి, చివర్లో పైకి ఎక్కాలి.

హాంకాంగ్ ఛాంపియన్ రొమాంటిక్ వారియర్ 2023లో మెల్‌బోర్న్ వెళ్లింది. కుడికి తిరిగే గుర్రం ఎడమకి తిరగాలి. పైగా అక్కడి పెద్ద రేసు కాక్స్ ప్లేట్ అప్పుడు జరిగిన మూనీ వ్యాలీ ట్రాక్‌లో చివరి తిన్నని దారి 173 మీటర్లే. మలుపు తిరిగి ఊపిరి తీసుకునేలోపు గీత వచ్చేసేది. దాని శిక్షకుడు డానీ షమ్ తొందరపడలేదు. ముందు అదే ఊళ్లోని ఫ్లెమింగ్టన్ ట్రాక్‌లో ఒక రేసు పరిగెత్తించాడు. నాలుగో స్థానం. "అయిపోయింది, ఈ గుర్రం హాంకాంగ్ పులే" అన్నవాళ్లు బోలెడు. మూడు వారాల తర్వాత కాక్స్ ప్లేట్ వెంట్రుకవాసిలో గెలిచింది. అందుకని విదేశంలో మొదటి రేసు ఓడితే ముఖం తిప్పుకోవద్దు. అది కొత్త కాడి అలవాటు చేసుకోవడం కావచ్చు.

నేల గురించి నెల్లూరు జిల్లావాళ్లకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. తడి ఆరని పొలంలో నడిచే నడక వేరు, ఎర్రనేల మీద నడక వేరు, సముద్రం ఒడ్డు ఇసుకలో నడక వేరు. రేసు నేలల్లో పెద్ద తేడా గడ్డి, మట్టి. యూరప్, ఆస్ట్రేలియా, హాంకాంగ్‌ల పెద్ద రేసులు గడ్డి మీద, అమెరికావి ఎక్కువగా మట్టి మీద. గడ్డిలో కూడా వాన పడితే లెక్క మారుతుంది. ఆస్ట్రేలియాలో దీనికి నంబర్లున్నాయి: 1, 2 గట్టినేల, 3, 4 మంచినేల, 5 నుంచి 7 మెత్తన, 8 నుంచి 10 బురద. రేసు రోజు పొద్దున ఆ నంబరు చూసుకోండి. వేగంతో బతికే గుర్రానికి 4 దగ్గర కనబడిన రెక్కలు 8 దగ్గర కనబడవు. పారిస్‌లో అక్టోబర్ మొదటి వారం వాన పడిందంటే నేల దిగబడుతుంది. జపాన్‌లో గట్టి గడ్డి మీద పెరిగిన గుర్రాలకి అది పెద్ద గండం. 2025 దాకా జపాన్ గుర్రం ఆర్క్ గెలవలేదు. రెండో స్థానం మాత్రం నాలుగుసార్లు.

నేను తప్పిపోయిన ఓర్ఫెవ్ర్ రేసు ఆ నాలుగింటిలో ఒకటి. తర్వాత రీప్లేలో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. వెనకనుంచి బయటి వైపుగా వచ్చి, అందర్నీ దాటి, ఇక గెలిచేసిందనే సమయానికి కుడిపక్క కంచెకేసి ఒరిగిపోతుంది. జాకీ క్రిస్టోఫ్ సూమియోన్ ఎంత లాగినా ఒరుగుతూనే ఉంటుంది. చివర్లో సొలేమియా అనే ఆడగుర్రం మెడ తేడాతో పట్టుకెళ్లిపోయింది. ఇప్పటికీ ఆ వీడియో వేసినప్పుడల్లా ఈసారి గెలుస్తుందేమో అనిపిస్తుంది. పిచ్చి కాకపోతే.

మట్టి ట్రాక్‌లో ఇంకో బాధ ఉంది. ముందు గుర్రాల డెక్కలు లేపిన మట్టి వెనక గుర్రం మొహాన ఈడ్చి కొడుతుంది. అలవాటు లేనిది తల పైకెత్తేసి వేగం తగ్గిస్తుంది. 2025 ఫిబ్రవరి 22న రియాద్‌లో మట్టి మీద జరిగే సౌదీ కప్ రేసుకి రొమాంటిక్ వారియర్‌ని తీసుకెళ్లినప్పుడు అందరి భయం ఇదే. గడ్డి తప్ప వేరే నేల మీద అది రేసు పరిగెత్తలేదు. ఆ రేసు ఏమయిందో చివర్లో చెబుతాను.

నీళ్లు. ఇది మామ చెప్పిన పాఠం, సైసులు కూడా ఒప్పుకున్నది. మా మామ నంద్యాల వైపు పోటీకి పోయినప్పుడు లారీలో గిత్తల పక్కనే మా బావి నీళ్లు డ్రమ్ముల్లో పట్టుకుపోయేవాడు. ఒకసారి లారీ ఆలస్యమై డ్రమ్ములు ఖాళీ అయ్యాయి. అక్కడి నీళ్లని గిత్త వాసన చూసి మొహం తిప్పుకుంది. బెల్లం ముక్క కలిపినా మూతి పెట్టలేదు. మర్నాడు బండ దగ్గర అది నిలబడ్డ తీరు నాకింకా గుర్తుంది. డొక్కలు లోపలికి పోయి, తోలు మీద మెరుపు లేకుండా. సగం టైములోనే కూలబడింది. గుర్రాల సైసులు కూడా కొత్తచోట నీళ్లలో యాపిల్ రసమో బెల్లపు పాకం లాంటిదో కలిపి తాగిస్తారు. విమానంలో ఇంకో ప్రమాదం: తల ఎత్తి కట్టేసి ఉంచితే ఊపిరితిత్తుల్లోని కఫం కిందికి జారి బయటికి రాదు, న్యుమోనియా పట్టుకుంటుంది. మేత మేసేటప్పుడు గుర్రం తల దించేది కడుపు కోసమే కాదన్నమాట. బ్లాక్ కేవియర్‌కి ఆ ప్రయాణంలో ఒళ్లంతా బిగుతుగా పట్టే సూటు తొడిగారు, కాళ్లలో, కండరాల్లో నీరు దిగకుండా. ఆ ఫోటో చూసి మా కొట్టుకొచ్చే రైతులు వారం నవ్వుకున్నారు.

కాబట్టి రేసుకు ముందు వారం వార్తల్లో జాకీ ఏమన్నాడు, యజమాని ఏమన్నాడు అనే సోది వదిలేయండి. "దాణా వదలకుండా తింటోంది" అనే ముక్క ఎక్కడైనా ఉందా వెతకండి. బరువు తగ్గిందా, తగ్గితే ఎన్ని రోజుల్లో తిరిగొచ్చింది అనేది చూడండి. ఇంటర్వ్యూలన్నీ కలిపినా ఆ ఒక్క ముక్క విలువ చెయ్యవు.

మగ గుర్రాల గురించి చిన్న మాట. మనకి గిత్త వేరు, విత్తులు కొట్టించిన ఎద్దు వేరు. గుర్రాల్లోనూ అంతే. రొమాంటిక్ వారియర్, హాంకాంగ్‌దే ఇంకో గుర్రం కా యింగ్ రైజింగ్ ఎద్దుల లెక్క. మనసు పక్కకి పోదు, ఎక్కువ ఏళ్లు పరిగెడతాయి. కానీ 2025 దాకా అట్లాంటివాటికి ఆర్క్‌లో ప్రవేశం లేదు, సంతానాన్నిచ్చే గుర్రాల కోసం పెట్టిన రేసు అది. "అంత గొప్ప గుర్రం పారిస్ ఎందుకు పోలేదు" అని ఎవరైనా అడిగితే ఈ జవాబు చెప్పండి, మీ పరపతి పెరుగుతుంది.

మరి మన గుర్రాలు ఎందుకు పోవు అని కూడా అడుగుతారు. గుర్రాల జబ్బుల విషయంలో మన దేశం నుంచి పంపడానికి చాలా దేశాలు అడ్డు చెబుతాయి. 2025లో మీరట్ కంటోన్మెంట్‌లోని సైన్యం గుర్రాల కేంద్రానికి జబ్బుల్లేని చోటుగా ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ గుర్తింపు వచ్చింది. ఇక దారి పడొచ్చు. మన గిత్తలు మాత్రం ఎప్పుడో ఓడలెక్కి బ్రెజిల్ చేరాయి. అక్కడ ఆ జాతి పేరే నెలోర్. మన నెల్లూరు పేరే.

ఇక రేసు రోజు. లైవ్ పదిహేను నిమిషాల ముందే పెట్టండి, గుర్రాల్ని తిప్పే చోటు చూపిస్తారు. నేను చూసేవి మూడే. చెవులు: ముందుకీ వెనక్కీ నెమ్మదిగా ఆడుతుంటే మంచిది, వెనక్కి అంటుకుపోతే చిరాకు. చెమట: మెడ మీద కొంచెం పర్లేదు. వెనకకాళ్ల మధ్య తెల్ల నురగ కట్టిందంటే బలం అక్కడే ఖర్చయిపోతోంది. నడక: వెనక కాలు ముందుకాలి అడుగును దాటి పడుతుంటే ఒళ్లు వదులుగా ఉన్నట్టు.

కామెంటరీ ఇంగ్లీషు అర్థంకాకపోతే బాధపడకండి, నాకూ సగమే అర్థమవుతుంది. చొక్కా రంగు గుర్తుపెట్టుకుంటే చాలు. గేటు తెరిచాక మీ గుర్రాన్ని వదిలేసి ముందున్నవాణ్ణి చూడండి. ముందువాడు వేగం పెంచుతున్నాడా, తొక్కిపెడుతున్నాడా? మలుపు దగ్గరికి వచ్చాక జాకీ చేతులు చూడండి. పక్కవాళ్లంతా మోచేతులు ఆడిస్తుంటే మీవాడి చేతులు కదలకుండా ఉన్నాయంటే లోపల ఇంకా సరుకుంది. ఆఖరి 400 మీటర్ల గుర్తు దగ్గర ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కండి. మంచి నేల మీద పెద్ద గుర్రాలు 23 సెకన్ల అటూఇటూలో ముగిస్తాయి. 2025 అక్టోబర్ 18న, దీపావళి ముందు శనివారం, హాంకాంగ్ గుర్రం కా యింగ్ రైజింగ్ సిడ్నీలో ది ఎవరెస్ట్ గెలిచినప్పుడు కొట్లో తవుడు బస్తా భుజాన పెట్టుకునే నొక్కాను. నా లెక్క తప్పే అయ్యుంటుంది, బస్తా జారింది. దాని జాకీ జాక్ పర్టన్ చేతులు మాత్రం బాగా చూశాను.

తేడాలు శరీరంతోనే కొలుస్తారు: ముక్కు, తల, మెడ, ఆపైన గుర్రం పొడవు. ఒక పొడవు అంటే దాదాపు 2.4 మీటర్లు.

ఫలితం ఖరారయ్యేదాకా కేకలెయ్యొద్దు. జాకీలు దిగి బరువు తూగాలి, అభ్యంతరాలుంటే తేలాలి. 2006 ఆర్క్‌లో మూడోగా వచ్చిన జపాన్ ఆరాధ్యదైవం డీప్ ఇంపాక్ట్‌ని నిషేధించిన మందు ఆనవాళ్లు దొరికాయని తర్వాత లెక్కలోంచే తీసేశారు.

పందెం మాట ఒక్కటే చెప్పి వదిలేస్తాను. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ పందాలు 2020 నుంచి చట్టప్రకారం నేరం. ఫోన్లో ఎవడో లింకు పంపితే నొక్కొద్దు. మా వీధిలోనే ఒకతను అట్లా నొక్కి మోటార్ సైకిల్ అమ్ముకున్నాడు. గుర్రం గెలిచింది కూడా, డబ్బులు మాత్రం రాలేదు.

ఆఖరి పని రేసు అయ్యాక గుర్రం తిరిగి నడిచి రావడం చూడటం. అందరూ జాకీ చెయ్యి ఊపడం చూస్తారు, కాళ్లెవరూ చూడరు. 2012లో బ్లాక్ కేవియర్‌కి రేసు తర్వాత పరీక్ష చేస్తే వెనక భాగంలో కండరాలు చిరిగి ఉన్నాయి. అట్లాంటి ఒంటితో గెలిచింది.

సౌదీ కప్ రాత్రి మామ మా ఇంట్లోనే ఉన్నాడు, పదకొండు కాకముందే నిద్రపోయాడు. మట్టి మీద మొదటిసారి అయినా రొమాంటిక్ వారియర్ మలుపులో బయటినుంచి వచ్చి అందర్నీ దాటేసింది. నేను మంచం మీద లేచి నిలబడ్డాను. అప్పుడు ఫరెవర్ యంగ్, ఒకసారి వెనకబడినది, మళ్లీ అందుకుని మెడ తేడాతో గెలిచేసింది. నా అరుపుకి మామ లేచాడు.

"గెలిచిందా?"

"మెడ తేడాతో పోయింది మామా."

"నడక చూపించు."

ఫోన్ ఆయన చేతికిచ్చాను. కళ్లజోడు లేకుండా, తెరని మొహానికి జానెడు దూరంలో పెట్టుకుని, రెండుసార్లు వెనక్కి జరిపించి చూశాడు.

"నాలుగు కాళ్లూ సమంగానే వేస్తోంది. లైటార్పు."